నాలుగో కుర్చీ

లోకంలో తీరని కోరికలు చాలా రకాలు. ఒకరికి సొంతిల్లు కావాలి, ఒకరికి ప్రమోషన్ కావాలి, ఇంకొకరికి నడినెత్తిన పోయిన జుట్టు తిరిగి రావాలి. మన అద్దాలాయన కోరిక వీటన్నిటికన్నా చిన్నది. తనతో కలిపి నలుగురు మనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. కూర్చున్నవాళ్ళు ఆట అయ్యేదాకా లేవకూడదు. అంతే.

అంత చిన్నది కాబట్టే అది తీరలేదు. పెద్ద కోరికలకైతే బ్యాంకులున్నాయి.

అద్దాలాయన అంటే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ముందు గాజుబిళ్ళలు మారుస్తూ, "ఇలా బాగుందా... ఇలా బాగుందా?" అని అడగడం ఆయన పని. రెండిట్లో ఏది నయమో తేలక కొందరు బిక్కమొహం వేసి, "ఇంకోసారి చూపించండి," అంటారు. అద్దాలాయన విసుక్కోడు. ఎన్నిసార్లయినా చూపిస్తాడు. ఊళ్ళో సగంమందికి చూపు నిలబెట్టిన ఓర్పు అది. ఇంట్లో అదే ఓర్పు ఆయన కొంప ముంచింది. ఆ సంగతికి వస్తున్నాను.

ఆయనకి బోర్డు గేముల పిచ్చి. చదరంగం, వైకుంఠపాళీ కాదు. ఇప్పుడు కొత్తగా వస్తున్న ఆటల పద్ధతే వేరు. ఒకదాంట్లో తేనెటీగలకి పట్టు కట్టిపెట్టాలి. ఒకదాంట్లో మంచుకొండల మీద రైలు పట్టాలు వేసుకుంటూ పోవాలి. ఇంకోదాంట్లో వర్షం పడుతున్న ఊళ్ళో తపాలా మనిషిగా మారి, ఉత్తరాలు తడవకుండా ఇల్లిల్లూ తిరగాలి. చేతిలో పట్టే చెక్క ఇంజను, గోరంత గొడుగు, ఎవరో కూర్చుని ప్రేమగా బొమ్మలు వేసిన కార్డులు. ఏటేటా కొత్తవి వస్తూనే ఉంటాయి. పండ్ల తోటల ఆట ఒకటి వచ్చిందట, గడియారాల బజారు ఆట ఇంకోటి వస్తోందట. ఆడనివి పెరిగిపోతుంటే అద్దాలాయనకి, స్టేషనులో కూర్చుని ఎక్కాల్సిన రైళ్ళన్నీ వెళ్ళిపోతుంటే చూస్తున్నట్టుండేది.

దుకాణంలో గాజులు అరగదీసే యంత్రం గుర్రుమంటుంటే ఆయన ఫోనులో ఆ ఆటల వీడియోలు చూసేవాడు. ఎక్కడో, ఏదో గదిలో, నలుగురు స్నేహితులు ఆడుకుంటూ ఉంటారు. మధ్యలో ఎవరో ఎవరినో దెబ్బకొడతారు. దెబ్బతిన్నవాడు "అన్యాయం!" అని అరిచి పక్కవాడి భుజం మీద చరుస్తాడు. నలుగురూ నవ్వుతారు. అద్దాలాయన అక్కడ వీడియో ఆపి, వెనక్కి జరిపి, ఆ భుజం మీద దెబ్బ దగ్గర్నుంచి మళ్ళీ చూసేవాడు.

నచ్చిన ఆట కొని తెచ్చేవాడు. మూత తీసి, కొత్త అట్టపెట్టె వాసన పీల్చి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి, చూసుకుని, మళ్ళీ సర్ది బీరువా మీద పెట్టేవాడు.

"ఆ బీరువా మీద ఇంకో అంతస్తు లేచిందే!" అనేది భార్య. "మున్సిపాలిటీ పర్మిషన్ తీసుకున్నారా?"

"నలుగురు దొరికిన రోజున ఆడదామని..."

"నలుగురు దొరికేలోపు ఫ్యాను తగుల్తుంది. చూసుకోండి."

ఒక్కడే ఆడి చూద్దామని కూడా ప్రయత్నించాడు. ఓ ఆదివారం నాలుగు కుర్చీలు వేసుకుని, ఒకదాంట్లోంచి లేచి ఇంకోదాంట్లో కూర్చుంటూ నలుగురి ఆటా తనే ఆడాడు. ఓడిపోయాడు. ఎలా ఓడిపోయాడని అడక్కండి.

అప్పుడే భార్య గదిలోకి వచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"మూడో ఆటగాడితో."

"ఏమంటాడు?"

"ఆలోచించుకోడానికి కాస్త టైము కావాలంటున్నాడు."

ఆవిడ నాలుగు కుర్చీల వైపూ చూసింది. "టీ ఒకటి పెట్టనా, నాలుగు పెట్టనా?"

నవ్వుతూనే అంది. కానీ వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర కాసేపు ఆగింది. అద్దాలాయన అది చూడలేదు. ఆయన మూడో ఆటగాడి తరఫున ఆలోచిస్తున్నాడు.

అసలు ఇంట్లో మనుషులు లేరా అంటే, ఉన్నారు. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటుంది. ఎదురు ఫ్లాటులో పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ క్లినిక్కు మధ్యాహ్నం పూట మూసి ఉంటుంది. భార్యతో కలిపితే ముగ్గురు, ఆయనతో నలుగురు. లెక్క సరిగ్గా సరిపోయింది. సరిపోయిందనే ఒకప్పుడు అందరినీ కూర్చోబెట్టాడు కూడా. అదే మొదటిసారి, చివరిసారి.

ఆ రోజు తేనెపట్టు ఆట తీశాడు. తీసి, రూల్సు చెప్పడం మొదలుపెట్టాడు. ఆట ఎవరు తయారుచేశారో చెప్పాడు. ముక్కలు ఏ చెక్కతో చేశారో చెప్పాడు. అందరినీ చేతులు కడుక్కుని రమ్మన్నాడు. డాక్టరమ్మ ఒక తేనెటీగని ముట్టుకోబోతే, "ఇంకా మొదలవలేదు!" అని కసిరాడు. పైగా వృత్తి ధర్మం ఒకటుంది కదా! ప్రతి రూలునీ రెండు రకాలుగా చెప్పి, "ఇలా బాగుందా... ఇలా బాగుందా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. అత్తగారు తెలియక "ఇంకోసారి చెప్పండి బాబూ," అంది. చెప్పాడు. మొదటినుంచీ చెప్పాడు.

రాణీ ఈగ దగ్గరికి వచ్చేసరికి అత్తగారు నిద్రపోయింది. డాక్టరమ్మకి ఎవరిదో పన్ను గుర్తొచ్చింది. భార్య కుక్కరు కూత వేసిందని లేచింది. ఆ రోజు వంటింట్లో కుక్కరు పెట్టనే లేదు.

ఆ తరవాత ఆయన పెట్టె తీస్తే చాలు, ఇంట్లో మనుషులు ఆవిరైపోయేవాళ్ళు. ముగ్గురూ కలిసి మధ్యాహ్నాలు కుట్టు క్లాసు కూడా పెట్టుకున్నారు. భార్య నేర్పుతుంది, మిగతా ఇద్దరూ నేర్చుకుంటారు. కుట్టడానికి తీరిక ఉంటుంది గానీ ఆడటానికి ఉండదు అనుకుని అద్దాలాయన నిట్టూర్చి, పాత పెట్టెల మూతలు తియ్యడమే మానేశాడు. ఏడాది కుట్టు క్లాసులో తయారైంది ఒక దిండు గలీబు. అది మాత్రం అద్భుతంగా ఉందని ఆయనే మెచ్చుకున్నాడు.

ఇలా ఉండగా దీపస్తంభాల ఆట వచ్చింది. సముద్రం, రాత్రి, తుఫాను. నాలుగు దీపస్తంభాలు, ఒక్కొక్కదాని దగ్గర ఒక మనిషి. ఒకరి దీపం ఒకరికి కనబడుతుంది గానీ మాట వినబడదు. నలుగురూ కలిసి ఒక ఓడని ఒడ్డుకి చేర్చాలి. ఖచ్చితంగా నలుగురే ఆడాలి. ముగ్గురైతే ఓడ మునుగుతుంది. ఆ వీడియో అద్దాలాయన ఎన్నిసార్లు చూశాడో! చూసి చూసి, కొనకుండా ఉండలేక కొన్నాడు. ఈసారి పైన చుట్టిన ప్లాస్టిక్కు కాగితం కూడా విప్పలేదు. నలుగురూ కూర్చున్నాకే విప్పుదామని అలాగే బీరువా మీద అన్నిటికన్నా పైన పెట్టాడు. రోజూ పడుకునేటప్పుడు అది కనబడుతుంది. కళ్ళజోడు తీసేశాక మసగ్గా, దూరంగా, ఓడ మీంచి చూసిన దీపంలాగే కనబడుతుంది.

ఇక లాభం లేదని ఆయన ఒక పన్నాగం పన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కుట్టు క్లాసు మొదలవుతుండగా, దుకాణం నుంచి తెచ్చిన అక్షరాల చార్టు గోడకి తగిలించి, అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టాడు. ఒక కన్ను మూయించాడు. రెండోది మూయించాడు. లోపలికి టార్చి వేసి చూశాడు. చూసి, "ఊఁ," అన్నాడు. డాక్టర్లకి తగ్గ ఊఁ అది.

"ఏమైంది బాబూ?"

"మీ కంటి కండరాలు బద్ధకిస్తున్నాయి, అత్తయ్యగారూ."

"కండరాలదేముంది, నేనే బద్ధకిస్తున్నాను."

"నవ్వులాట కాదు. దీనికి మందు లేదు. వ్యాయామమే. రంగురంగుల చిన్న వస్తువుల్ని దగ్గరగా చూడాలి, తరవాత తలెత్తి ఎదుటి మనిషి మొహం చూడాలి. మళ్ళీ వస్తువులు, మళ్ళీ మొహం."

భార్య కత్తెర కింద పెట్టింది. "ఏ వస్తువులో?"

"చెక్క ముక్కల్లాంటివైతే మంచిది."

"మొహాలు ఎన్ని కావాలో?"

"పేషెంటుతో కలిపి నలుగురుంటే..."

"నలుగురే ఎందుకండీ?"

"బల్లకి నాలుగు వైపులే కదా ఉంటాయి!"

డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. "కళ్ళవాళ్ళు అదృష్టవంతులు, అన్నయ్యగారూ. మా పళ్ళకి ఇలాంటి వ్యాయామం ఒక్కటీ లేదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, భయపడుతున్నారు అనుకున్నాడు అద్దాలాయన. భయమే అది. నవ్వు ఎక్కడ బయటపడుతుందోనని భయం.

"అలాగే కానీండి," అంది భార్య. "అమ్మ కళ్ళకన్నా మాకేం ఎక్కువ?"

ఇంత సులువుగా లొంగుతారని ఆయన అనుకోలేదు. దీపస్తంభాలు తీద్దామా అని గుండె లాగింది. వద్దు, ముందు తేలికైనదాంతో అలవాటు చెయ్యాలి. తేనెపట్టు దించాడు. మొదటిసారి ఓడిపోతే వీళ్ళు మళ్ళీ కూర్చోరు, కాబట్టి ఎలాగైనా తనే ఓడిపోవాలని కూడా తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం చేసుకోవాల్సిన అవసరమే లేకపోయింది.

"రూల్సు క్లుప్తంగా చెప్తాను," అన్నాడు. "ఈ పసుపు ముక్కలు ఆడ ఈగలు. వీటిని ఇలా పెట్టాలి. ఇలా బాగుందా..."

"బాగుంది బాబూ. ఇక పంచండి," అంది అత్తగారు.

పంచాలన్న సంగతి ఆవిడకెలా తెలిసిందని ఆయనకి తట్టలేదు. డాక్టరమ్మ కార్డులు అందుకుని కలిపింది. ఆ కలపడం నీళ్ళు జారినట్టుంది. అదీ ఆయనకి తట్టలేదు. నలుగురు కూర్చున్నారు! ఎదురుగా భార్య, కుడివైపు అత్తగారు, ఎడమవైపు డాక్టరమ్మ. ఆయన చూపు ముక్కల మీద లేదు, మొహాల మీదే ఉంది. కంటి వ్యాయామం ఆయనే చేస్తున్నాడు.

కాసేపయ్యేసరికి ఆయన పట్టు సగం ఖాళీ.

"ఏమీ తెలియక అడుగుతున్నాను, బాబూ. దీన్ని ఇక్కడ పెట్టచ్చా?" అంటూ అత్తగారు వణికే వేళ్ళతో ఒక ఈగని తీసుకెళ్ళి, సరిగ్గా ఆయన ఈగలు ఎగరాల్సిన దారికి అడ్డంగా పెట్టింది.

"పెట్టచ్చు... కానీ..."

"పెట్టచ్చన్నారు కదా. అయితే ఆ పక్కది కూడా నాదే అవుతుంది కాబోలు?"

అయింది.

"అన్నయ్యగారూ, కొంచెం నొప్పిగా ఉంటుంది," అని డాక్టరమ్మ రెండు వేళ్ళతో ఆయన పెద్ద ఈగని పట్టుకుని, కొద్దిగా కదిలించి, పైకి లాగేసింది. "అయిపోయింది. ఇక ఆ వైపు నమలకండి."

ఓడిపోవాలన్న తీర్మానాన్ని ఆయన రద్దు చేసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని, వంగి, నిజంగా ఆడటం మొదలుపెట్టాడు. నిజంగా ఆడాక ఇంకా వేగంగా ఓడిపోసాగాడు.

చివరి ఆశ రాణీ ఈగ. పెట్టెలో ఒక మూల ఉంటుంది, ఎర్రది. చెయ్యి పెట్టి తీశాడు. చేతిలోకి వచ్చింది ఒక ఎర్ర బొత్తాం.

అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ఆటలో ముక్కలు ఆయనకి తన పళ్ళకన్నా బాగా తెలుసు. వాటిల్లో ఏ ముక్కకీ దారం దూర్చే రంధ్రాల్లేవు.

"ఇదేమిటి?"

"అది రాణీగారు, బాబూ," అంది అత్తగారు, తన ముక్కల మీంచి చూపు తిప్పకుండా. "అసలు రాణి సోఫా కింద పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు."

డాక్టరమ్మ సీలింగులో పళ్ళు లెక్కపెడుతున్నట్టు పైకి చూసింది.

"అమ్మా!" అంది భార్య.

"ఏమే? అబద్ధమా?"

అద్దాలాయన జేబులోంచి భూతద్దం తీశాడు. కార్డుల అంచులు చూశాడు. పాత పేకముక్కల్లా మెత్తబడ్డాయి. లోపలికి వెళ్ళి, దీపస్తంభాల పెట్టె పక్కకి జరిపి, మిగతా పెట్టెలు దించుకొచ్చాడు. రైలు ఆట మంచుకొండ మీద టీ కప్పు గుండ్రటి మరక. గొడుగుల సంచీలో బిస్కెట్టు పొడి. తపాలా ఆట అట్ట మడతలో ఒక కుట్టుసూది, దారంతో సహా.

"కుట్టు క్లాసు!" అన్నాడు.

అత్తగారు చెయ్యి చాచి ఆ సూది తీసుకుని పైటకి గుచ్చుకుంది.

"కుట్టు కాదు, కుట్ర! ఏడాదిగా! రోజూ మధ్యాహ్నం!"

"రోజూ కాదు," అంది భార్య. "దిండు గలీబు కుట్టిన రోజు ఆడలేదు."

"ఎవరు నేర్పారు మీకు ఈ ఆటలు?"

"మీరే."

"నేనా? నేను చెప్పబోతే కుక్కరు కూసిందన్నావు కదూ?"

"బల్ల దగ్గర చెప్తే కుక్కరు కూస్తుంది. మీరు చెప్పేది బల్ల దగ్గరేనా? గడ్డం గీసుకుంటూ తేనెపట్టు చెప్పారు. బజారు సంచీ మోసుకొస్తూ మెట్లమీద తపాలా ఆట చెప్పారు. ఈ డాక్టరమ్మ కూడా విని నేర్చుకుంది." ఆవిడ కాస్త ఆగింది. "రైలు ఆట, నాకు జ్వరమొచ్చినప్పుడు చెప్పారు. తడిగుడ్డ మారుస్తూ, మంచం పక్కన కూర్చుని మొదటినుంచీ చివరిదాకా. నేను నిద్రపోయాననుకున్నారు."

అద్దాలాయనకి గుర్తుంది. ఆ రాత్రి ఏం చెయ్యాలో తోచక, చేతులకి పని ఉన్నా నోటికి లేక, పట్టాలు ఎలా వెయ్యాలో తనలో తను చెప్పుకున్నాడు. ఎవరూ వినడం లేదనుకున్నాడు.

కోపం తెచ్చుకుందామని చూశాడు. అది నిలబడలేదు. దాని కింద ఇంకేదో ఉంది. "బాగానే ఉంది," అన్నాడు చివరికి, బొత్తాం వైపు చూస్తూ. "నన్నొక్కసారి పిలిస్తే సరిపోయేది."

"పిలుద్దామనే అనుకున్నాం, అన్నయ్యగారూ," అంది డాక్టరమ్మ. "మీరొస్తే ఆట బాగుంటుంది. మొదలవ్వదేమోనని భయం."

అత్తగారు నవ్వబోయి, అల్లుడి మొహం చూసి ఆపేసింది.

ఆయన లేచి, బీరువా మీద మిగిలిన చివరి పెట్టె దించాడు. దీపస్తంభాలు. దాన్ని కూడా వదిలిపెట్టి ఉండరు. విప్పి, ఆడి, మళ్ళీ చుట్టి ఉంటారు. కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంతో ప్లాస్టిక్కు అంచు చుట్టూ చూశాడు. అతుకు చెక్కుచెదరలేదు. ఏ మూలా చిన్న గీత కూడా లేదు.

"దీన్ని ముట్టుకోలేదే?"

"నలుగురు కావాలి కదా బాబూ దానికి," అంది అత్తగారు.

"అదీ సంగతి! మనిషి చాలక మానేశారన్నమాట."

"మనిషి చాలకేమిటి, అన్నయ్యగారూ?" అంది డాక్టరమ్మ. "బట్టలు ఇస్త్రీ చేసే ఆయన వచ్చినప్పుడల్లా అడుగుతున్నాడు, నన్నూ కలుపుకోండమ్మా, నేనూ ఆడతాను అని. వదినే ఒప్పుకోలేదు."

అద్దాలాయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ బల్ల మీద లేని మరకని పైటకొంగుతో తుడుస్తోంది.

"ఏం? ఎందుకొప్పుకోలేదు?"

"ఆయన ఇస్త్రీ సరిగ్గా చెయ్యడు," అంది.

అద్దాలాయన తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు.

"ఇలా ఇవ్వండి," అంటూ ఆవిడ పెట్టె అందుకుని బల్ల మధ్యలో పెట్టింది. "ఒక్క షరతు. రూల్సు నేను చెప్తాను."

"నీకెలా తెలుసు? దీని సంగతి నేను ఎక్కడా..."

"నిద్దట్లో చెప్పారు. మూడు దీపాలు వెలిగాక ఓడ తిప్పాలి. అవునా, కాదా?"

అవును. నిజానికి అక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది, గాలి ఎటునుంచి వీస్తుందో ముందు చూసుకోవాలి. చెప్దామని అద్దాలాయన నోరు తెరిచాడు.

"నోరు మూసుకోండి, అన్నయ్యగారూ," అంది డాక్టరమ్మ. అని, పరమానందంగా కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఈ మాట అనే అవకాశం నాకెప్పుడూ రాలేదు!"

ఆయన నోరు మూసుకున్నాడు. పెట్టె విప్పడానికి చెయ్యి చాచాడు. "చేతులు కడుక్కున్నారా?" అంది అత్తగారు. బుద్ధిగా వెళ్ళి కడుక్కుని వచ్చాడు.

వచ్చేసరికి భార్య ఆయన కుర్చీని బల్లకి నాలుగో వైపు వేసింది. అక్కడ సాయంత్రపుటెండ కిటికీలోంచి తిన్నగా పడుతోంది. ఆయన కూర్చోగానే కళ్ళు చికిలించాడు. ఆవిడ వెనక నిలబడి, రెండు చేతులతో కుర్చీని ఆయనతో సహా కొంచెం పక్కకి లాగింది. ఎండ కళ్ళమీంచి భుజం మీదకి జారింది.

"ఇలా బాగుందా?" అని అడిగింది. మళ్ళీ కొంచెం ముందుకి, తన కుర్చీ వైపుకి జరిపింది. "ఇలా బాగుందా?"

ఊరందరినీ ఆ ప్రశ్న అడిగిన మనిషి అద్దాలాయన. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బల్ల వైపు చూశాడు, దీపాల బొమ్మ వేసిన పెట్టె వైపు చూశాడు, తనకోసం ఆగి ఉన్న మొహాల వైపు చూశాడు. కళ్ళజోడు ఎందుకో మసకబారింది.

"ఇంకోసారి చూపించు," అన్నాడు.